నాయన ముంజేతి మీద

కాన్పుకు నేను పలమనేరులో మా అమ్మానాయనల ఇంటికి వెళ్లాను. బిడ్డ పుట్టిన మొదటి మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. పాలు తాగేది, నిద్రపోయేది, మధ్యలో ఒక కన్ను తెరిచి మమ్మల్నందరినీ చూసి, పెద్దగా నచ్చనట్టు మళ్లీ మూసుకునేది. నాలుగో వారంలో ఒక సాయంత్రం ఐదున్నరకు ఏడుపు మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు కాదు, తడి ఏడుపు కాదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, మొహం పండిన టమాటాలా చేసుకుని ఏడ్చింది. పాలిస్తే రెండు గుటకలు తాగి వదిలేసింది. కడుపు మీద చేయి వేస్తే గట్టిగా, బిర్రుగా ఉంది. ఎనిమిదింటికి ఏమీ జరగనట్టు నిద్రపోయింది.

మర్నాడు మళ్లీ ఐదున్నర. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి మా ఇంట్లో ఆ టైముకు ముందే వంట అయిపోయేది, బట్టలు మడతపెట్టడం అయిపోయేది. పక్కింటావిడ గోడ అవతల నుంచి, "మొదలైందా అక్కా?" అని అడిగేది. "ఇంకా పది నిమిషాలుండాది," అనేది అమ్మ.

అమ్మ తనకు తెలిసినవన్నీ చేసింది. ఇంగువ గోరువెచ్చని నీళ్లలో అరగదీసి బొడ్డు చుట్టూ రాసింది. ఆముదం రాసిన తమలపాకును కాస్త వెచ్చబెట్టి, తన చెంపకు తాకించి చూసుకుని, కడుపు మీద వేసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ప్రతిదీ ఒక రోజు పనిచేసినట్టే ఉండేది. రెండో రోజు బిడ్డ దాన్ని లెక్కచేసేది కాదు. మా ఆయన తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మిక్సీ చప్పుడు వింటే పిల్లలు ఊరుకుంటారని ఎవరో చెప్పారట, వీడియో కాల్లో కూతురికి వినిపించాడు. అది ఇంకా గట్టిగా ఏడ్చింది. మిక్సీని మించాలనుకుందో ఏమో.

ఇదంతా జరుగుతున్నంతసేపూ నాయన వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఆవు కడుపు ఉబ్బినా, ఏ దూడ అడ్డం తిరిగినా ఇప్పటికీ ఆయనకే ఫోను వస్తుంది. అక్కడి నుంచే అడిగేవాడు. "కడుపు గట్టిగా ఉండాదా? ఎడమ పక్కనా, రెండు పక్కలానా?"

"ఇదేమన్నా దూడనా, ఆడ నిలబడి అడిగేదానికి?" అనేది అమ్మ. "వచ్చి ఒకసారి ఎత్తుకోరాదా?"

అంతే, నాయన చెట్లకు నీళ్లు పోయాలని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవాడు.

నాయన చంటిపిల్లలను ఎత్తుకోడు. మా తమ్ముణ్ని ఎత్తుకోలేదు, నన్నూ ఎత్తుకోలేదు. చిన్నప్పుడు దానికి నేను బాధపడలేదు గానీ, తల్లినయ్యాక ఒకరోజు అమ్మను అడిగాను.

"నువ్వు పుట్టినప్పుడు రోజూ ఏదో ఒక పల్లెలో ఆవు ఈతకు పోయొచ్చేవాడు," అంది అమ్మ. "ఒళ్లంతా మందుల వాసన, పేడ వాసన. సోపుతో మూడుసార్లు కడుక్కున్నా చేతులకు వాసన పోలేదనేవాడు. బిడ్డకు ఏమన్నా అంటుకుంటాదని భయం. నడక వచ్చినాక నిన్ను సైకిలు మీద ఎక్కించుకోని ఊరంతా తిప్పినాడులే. అంతకు ముందు మాత్రం దూరం నుంచి సూసేవాడు."

ఆయన రిటైరై ఆరేళ్లయింది. చేతులకు ఇప్పుడు ఏ వాసనా లేదు. అలవాటు మాత్రం పోలేదు.

బిడ్డకు ఆరో వారంలో చిత్తూరులో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నేను, అమ్మ, నాయన. బాడుగ కారులో మొగిలి ఘాటు దిగేంతసేపూ బిడ్డ హాయిగా నిద్రపోయింది. డాక్టరమ్మ ముందు కళ్లు తెరిచి బుద్ధిమంతురాలిలా చూసింది. మేము చెప్పేదంతా అబద్ధమేమో అని నాకే అనుమానం వచ్చింది.

ఆవిడ తూకం చూసింది, కడుపు నొక్కి చూసింది, పాల సంగతీ విరేచనాల సంగతీ అడిగింది. "జబ్బేమీ లేదమ్మా. చాలామంది పిల్లలకు ఈ వయసులో ఇట్లా ఉంటాది. మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గిపోతాది. జ్వరం వచ్చినా, పాలు మానేసినా, పచ్చగా వాంతి చేసుకున్నా మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి," అంది.

అమ్మ అసలు ప్రశ్న అడిగింది. "రెండు చుక్కలు వాము నీళ్లు పోయొచ్చునా?"

"ఏమీ వద్దు. తల్లి పాలు ఒక్కటే."

"నా బిడ్డలిద్దరికీ పోసినాను. బాగానే ఉండారు."

"ఉన్నారు కదా, సంతోషం," అని డాక్టరమ్మ నవ్వింది. "ఈ బిడ్డకు మాత్రం వద్దు."

తర్వాత ఆవిడ బిడ్డను ఎలా పట్టుకోవాలో చూపించింది. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, కాళ్లను సైకిలు తొక్కినట్టు మెల్లగా ఆడించడం చూపించింది. ఆఖరికి బిడ్డను తన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుంది. తల మోచేతి వంపులో పక్కకు తిరిగి ఉంది, కాళ్లు అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి. రెండో చేయి వీపు మీద వేసి నాలుగడుగులు నడిచింది. నేనూ అమ్మా వాము నీళ్ల గురించి కళ్లతోనే వాదించుకుంటున్నాం. సగమే చూశాం.

తిరుగు దారిలో ఆ వాదన నోటితో సాగింది. చివరికి అమ్మే ఒక తీర్పు చెప్పింది. "సరే, బిడ్డకు వద్దంటే తల్లికి పోస్తా." ఆ రోజు నుంచి నాకు పూటకో గ్లాసు వాము నీళ్లు తప్పలేదు. నాయన ముందు సీట్లో తన ఎడమచేతిని ఒళ్లో అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు.

రెండు రోజుల తర్వాత పూరీలు చేద్దామని అమ్మ గోధుమపిండి ప్యాకెట్టు కోసం వంటిల్లంతా వెతికింది. ఐదు కేజీల ప్యాకెట్టు, ఇంకా విప్పనిది. ఎక్కడా లేదు. పెరట్లోకి వెళ్లి, అక్కడే ఆగిపోయి, నాకు చేత్తో సైగ చేసింది.

నాయన బట్టలు ఆరేసే తీగ కింద అటూ ఇటూ నడుస్తున్నాడు. ఎడమ ముంజేతి మీద గోధుమపిండి ప్యాకెట్టు బోర్లా పడుకుని ఉంది. కుడిచేయి దాని వీపు నిమురుతోంది. తువ్వాలు దాని మీద కప్పి ఉంది, చలికి కాబోలు.

మమ్మల్ని చూసి ఆగిపోయాడు. "డాక్టరు సూపించినప్పుడు మీరు సరిగా సూడలేదు," అన్నాడు. "నేను ముప్పై ఏండ్లు డాక్టర్ల చేతులు సూసినోణ్ని. తల కొంచెం పైకుండల్ల. బొటనవేలు ఇట్ల పెట్టల్ల."

"అయితే బిడ్డను ఎత్తుకోవయ్యా," అంది అమ్మ.

"మీకు సెప్పేదానికి నేర్చుకుంటా ఉండాను," అని పిండి ప్యాకెట్టు ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మా అత్త, మా ఆయన తడ నుంచి వచ్చారు. అత్త మాటలో తెలుగూ అరవమూ పక్కపక్కనే నడుస్తాయి. సంచిలోంచి పండ్లు, మురుకులు తీసి, చివరగా ఒక చిన్న సీసా తీసింది. "ఓమం నీళ్లు. మా పక్క అందరూ బిడ్డలకు ఇదే పోస్తారు." ఓమమంటే వామే.

నేను అమ్మ మొహం చూశాను. చిత్తూరు నుంచి దారి పొడుగునా నాతో పోట్లాడిన మనిషి గొంతు సవరించుకుని, "వద్దు వదినా. డాక్టరమ్మ ఏమీ పోయొద్దనింది. తల్లి పాలు ఒక్కటే," అంది, ఆ మాట మొదట తనే కనిపెట్టినట్టు. "ఆ సీసా బిడ్డ తల్లికియ్యి. తాగతాది."

ఐదున్నరకు బిడ్డ మొదలుపెట్టింది. కొత్త మనుషులున్నారని కాబోలు ఆ రోజు ఇంకాస్త పట్టుదలగా ఏడ్చింది. ముందు మా ఆయన ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. తర్వాత అత్త జోలపాడింది. తర్వాత అమ్మ కాళ్లు ఆడించింది. నేను ముంజేతి మీద వేసుకోబోతే బిడ్డ తల జారిపోతుందేమోనని భయపడి మళ్లీ భుజాన వేసుకున్నాను. గంట సేపు చేతులు మారి, బిడ్డ గొంతు బొంగురుపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

వరండాలో కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నాయన చేతులు కడుక్కుంటున్నాడు. సోపు రాసి కడిగి, మళ్లీ రాసి కడిగాడు. తువ్వాలుతో తుడుచుకుని, అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి నా ముందు నిలబడి ఎడమచేయి చాపాడు.

"ఇట్లియ్యమ్మా."

నేను బిడ్డను ఆయన ముంజేతి మీద పెట్టాను. దూడలను లాగిన ఆ చేయి వెడల్పుగా, కదలకుండా ఉంది. బిడ్డ కడుపు దాని మీద సరిగ్గా ఇమిడింది. చెంప మోచేతి వంపులో ఆనింది. నాయన వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వచ్చినప్పుడు విన్నాను. "ఉండు తల్లీ, ఉండుండు, అయిపాయ," అంటున్నాడు. పశువులతో మాట్లాడే గొంతు అది.

నాలుగో తిరుగుడులో ఏడుపు మూలుగయింది. ఆరో తిరుగుడులో బిడ్డ ఒక్కసారి ఒళ్లు బిగించింది. ఆ వెంటనే ఒక చప్పుడు. అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద చప్పుడు వస్తుందని ఎవరమూ అనుకోలేదు. పక్కింటావిడ కూడా విన్నానని తర్వాత చెప్పింది.

బిడ్డ పెద్దగా ఊపిరి వదిలి, కాళ్లు రెండూ వదులుగా వేలాడేసింది.

"పిత్తినాది," అన్నాడు నాయన, ఆస్పత్రిలో రిపోర్టు చెప్పినట్టు.

ముందు అత్త నవ్వింది. తర్వాత ఎవరం ఆగలేకపోయాం. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ముప్పై ఏండ్ల ముందర ఈ పని సేసుంటే నా నడుము మిగిలుండును," అంది. నాయన నవ్వితే చేయి కదులుతుందని నవ్వకుండా నిలబడ్డాడు. ఆ ప్రయత్నంలో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాయనా, ఇంక ఇచ్చేయి, చేయి నొప్పెడతాది," అన్నాను.

"ఉండనీలే," అన్నాడు. ఎనిమిదిన్నర దాకా ఇవ్వలేదు.

తర్వాత రోజుల్లో అది ఆయన డ్యూటీ అయిపోయింది. ప్రతిసారీ పనిచేసిందని చెప్పను. కొన్ని రోజులు పది నిమిషాల్లో ఊరుకునేది, కొన్ని రోజులు ఎంత నడిచినా ఏడుస్తూనే ఉండేది. ఆయన మాత్రం నడక ఆపేవాడు కాదు. ఒక సాయంత్రం ఎవరో రైతు ఫోను చేశాడు. నాయన ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, బిడ్డ వీపు నిమురుతూనే, "ముందరి కాళ్లు మిట్ట మీదికి ఎక్కించి నిలబెట్టప్పా, ఎడమ డొక్క బాగా రుద్దు," అని చెబుతున్నాడు. వంటింట్లోంచి అమ్మ ఉరికొచ్చింది. "ఎవరి కాళ్లు?" అని అడిగింది. ఆవువి అని తెలిశాకే గరిటె పట్టుకుని వెనక్కి వెళ్లింది.

మూడో నెల దాటాక ఒక సాయంత్రం అమ్మ ఐదింటికే వంట ముగించింది. నాయన చేతులు కడుక్కుని వరండాలో కూర్చున్నాడు. ఐదున్నరయింది. ఆరయింది. బిడ్డ చాప మీద వెల్లకిలా పడుకుని తన పిడికిలిని తనే ఆశ్చర్యంగా చూసుకుంటోంది. ముగ్గురం దాని చుట్టూ కూర్చుని కాఫీ తాగాం. బయట చలిగాలి మొదలైంది. అన్ని రోజుల తర్వాత సాయంత్రం ఇంత పొడుగ్గా ఉంటుందని మరిచిపోయాం.

ఆరున్నరకు నాయన గ్లాసు పక్కన పెట్టి, చాప వైపు కొంచెం జరిగాడు.

"ఏడవకపోయినా ఎత్తుకోవచ్చు గదా?" అని నన్ను అడిగాడు.

ఎత్తుకోమన్నాను.