రాగి అంబలి తాగిన సైలెన్సర్

మా బామ్మర్దిని నేను క్షమించలేదు. ఇంటికొస్తే అన్నం పెడతాను, అడగకముందే నెయ్యి కూడా వేస్తాను. అయినా క్షమించలేదు. వాడు ఎత్తుకుపోయింది బంగారమైతే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి. ప్రొద్దుటూరులో బంగారానికేం కరువు? వాడు ఎత్తుకుపోయింది నా బండి గొంతు.

వారమంతా బట్టల కొట్లో చీరలు మడతపెట్టే నాకు ఆదివారం వస్తే చేతులు దురద పెడతాయి. వసారాలో గోనెసంచి పరిచి, నా పాత టూస్ట్రోక్ మోటార్ సైకిల్‌ను విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ బిగిస్తాను. బిగించాక నట్లు కొన్ని మిగులుతాయి. కంపెనీవాడు అవసరానికి మించి పెట్టాడని మా ఆవిడకు చెబుతాను. నాలాంటి పిచ్చివాళ్ళం కొందరం ఉన్నాం. బండిని మెకానిక్ షెడ్డుకు తోలేవాడికి మాలో మర్యాద ఉండదు. ఎవరి బండి వాళ్ళే కోసుకోవాలి, ఎవరి బండి వాళ్ళే కుట్టుకోవాలి.

జమ్మలమడుగులో ఉండే మా బామ్మర్ది మాలో ఒకడు. వాడిదీ నా బండి లాంటి బండే. పులివెందుల పెద్దాయన ఇంకొకడు. చీనీ తోటలు, అదే బత్తాయి తోటలున్న రైతు. ఇంటి ముందు కారున్నా, తండ్రి నాటి మోటార్ సైకిల్‌కు తన చేత్తోనే ఆయిలు మారుస్తాడు. ఊళ్ళో తగవులు తీర్చి తీర్చి ఆయన మాటకు ఒక బరువు వచ్చింది. ఆయన నవ్వితే అందరూ నవ్వాలి, ఆయన తల ఊపితే ఆ సంగతి తేలిపోయినట్టే.

టూస్ట్రోక్ బండికి ప్రాణం సైలెన్సర్‌లో ఉంటుంది. పాత ఒరిజినల్ సైలెన్సర్ ఇప్పుడు దొరకదు. దొరికేవన్నీ డూప్లికేట్లు, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు మోగుతాయి. నేను జిల్లాలు దాటి పాత ఇనుప కొట్లన్నీ గాలించి, విరిగిన మంచాల కింద ఒక ఒరిజినల్‌ను పట్టాను. చెనిక్కాయల పొట్టు మంటలో కాల్చి లోపలి మసి దులిపాను, పైన క్రోమింగ్ చేయించాను. ఇక దాని చప్పుడు ఏమని చెప్పేది? మా సందు మలుపులో నా బండి వినపడితే ఎదురింటి బర్రె పాలు చేపేది. అబద్ధమంటుంది ఎదురింటామె. పాలల్లో నీళ్ళు కలిపే మనిషి మాట మనం లెక్కపెట్టకూడదు.

ఒకసారి మా బామ్మర్ది స్నేహితుడి పెళ్ళి పులివెందులలో పడింది. వాడి బండి ఇంజను విప్పి ఉంది.

"బావా, నీ బండి ఇయ్యి. పెండ్లి చూసుకోని తెచ్చిస్తా" అన్నాడు.

ఇచ్చాను. పెళ్ళాం తమ్ముడు కదా. వారం పోయాక తెచ్చి, తుడిచి, మెరిసేలా వసారాలో నిలబెట్టి పోయాడు. మరుసటి రోజు కిక్కు కొట్టాను. డబ్బాలో గులకరాళ్ళు!

బయటికి చూస్తే తేడా లేదు. వాడి డూప్లికేట్‌కు కూడా క్రోమింగ్ చేసింది నాదానికి చేసిన కొట్టువాడే. రెండూ అద్దాల్లా మెరుస్తాయి. తేడా చెవికే తెలుస్తుంది. చెవిలో ఉన్నదాన్ని సాక్ష్యంగా ఎవరికి చూపించేది?

తర్వాతి ఆదివారం మా వసారాలో మా బండ్ల పిచ్చివాళ్ళందరూ ఉండగా వాడు తన బండి మీద వచ్చాడు. మలుపులోనే నాకు తెలిసింది. నా సైలెన్సర్ వాడి బండి కింద పాడుతోంది.

"ఏమప్పా, నీ బండి శబ్దం శానా బాగైందే!" అన్నాడు పెద్దాయన.

"కార్బొరేటర్‌లో జెట్ మార్చినా మామా. సెట్టింగ్ కుదిరింది" అన్నాడు వీడు. రెప్ప కూడా వేయలేదు.

"జెట్టూ కాదు, పాడూ కాదు. అది నా సైలెన్సర్. పెండ్లికని తీస్కపోయి మార్చుకున్నాడు" అన్నాను.

వాడు పెద్దాయన వైపు తిరిగి, నిదానంగా, నవ్వుతూ అన్నాడు. "మామా, మా బావ గండి గుడికి పోయేటప్పుడు పెట్రోలు అయిపోతే ట్యాంకులో చెరుకురసం పోసి తోలినానని చెప్పినాడు, యాదికుందా? చైను తెగితే మా అక్క చీర కొంగుతో కట్టి ఇల్లు చేరినానన్నాడు. ఈ మాట గూడా ఆ గంపలోకి వేసుకో."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక అందరూ నవ్వారు. టీ తెచ్చిన మా ఆవిడ కూడా పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. చెరుకురసం సంగతి నిజమే కానీ దాని గురించి ఇప్పుడు వాదించను.

ఆ రోజే అనుకున్నాను. సైలెన్సర్ కోసమే అయితే ఏ మధ్యాహ్నమో జమ్మలమడుగు పోయి, వాడు పడుకున్నప్పుడు విప్పుకొస్తే సరిపోతుంది. స్పానర్లు నా దగ్గరా ఉన్నాయి. నాకది చాలదు. ఈ మనుషుల ముందే, వాడి నోటితోనే, "ఇది మా బావది" అనిపించాలి. అనిపించేదాకా నాకు అన్నం సహించదు. నిజానికి సహించింది, రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. కోపానికి ఆకలి ఎక్కువ.

చాలా రోజులు ఆలోచించాక ఒక సంగతి తట్టింది. ఆ వసారాలో నా మాట నిజమని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. మా బామ్మర్ది. మిగతావాళ్ళు నేనేం చెప్పినా నమ్మరు. వాడికి మాత్రం, బండి విషయంలో నేను నిజం చెబుతానన్నది స్వయంగా తెలుసు. అలాంటివాణ్ణి మోసం చేయడం సులువు.

శ్రావణమాసం దగ్గరపడింది. శ్రావణ శనివారాల్లో ఒకరోజు మేమంతా బండ్లు కడిగి బొట్లు పెట్టి గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయి పూజ చేయిస్తాం. దారిలో ఎవరి బండి చప్పుడు బాగుందో చెప్పుకోవడం మా అసలు మొక్కు. ఆ ముందటి ఆదివారం వసారాలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాను.

"నాకొక పాత మిలిటరీ మెకానిక్ చెప్పినాడప్పా. రాగి అంబలి పల్చగా కాచి సైలెన్సర్‌లో పోసి, ఒకరోజు పేరబెట్టి, సన్నమంట మీద ఆరబెట్టాలంట. లోపల పూత కడతాది. ఇంగ చూడు, గుడిలో గంట కొట్టినట్టే! అయితే ఒకటి. ఒరిజినల్‌కే పనికొస్తాది. దాని రేకు మందం. డూప్లికేట్‌లో పోస్తే రేకు చీలి పోతాది."

"అంబలితో పాటు చెనిక్కాయల ఊరిబిండి గూడా పెట్టాల్నా ఏంది?" అన్నాడు పెద్దాయన.

"ఉల్లిగడ్డ కొరికిస్తే ఇంగా బాగా పలుకుతాదేమో!" అని ఇంకొకాయన.

మళ్ళీ అదే నవ్వు. నేనూ నవ్వాను. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ మా బామ్మర్ది మాత్రం టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పోతూ పోతూ చెప్పులు వేసుకుంటూ, గాలి మాటలా అడిగాడు.

"ఎంత పల్చగుండాల బావా, అంబలి?"

"మీ అక్క చేసే మజ్జిగంత పల్చగా" అన్నాను.

శనివారం పొద్దున ముద్దనూరు దగ్గర అందరం కలిశాం, పెద్దాయన పులివెందుల నుంచి మాకు ఎదురొచ్చాడు. వాడి బండి దగ్గుతూ వచ్చింది. వెనక పొగ. ఆ పొగలో మాడిన సంగటి వాసన. నాకు కడుపు నిండిపోయింది.

"ఏమప్పా, పొద్దున్నే యాడన్నా సంగటి మాడిందా?" అన్నాడు పెద్దాయన ముక్కు ఎగబీలుస్తూ.

"ఏ ఇంట్లోనో మామా" అన్నాడు వాడు.

ఆ ఇల్లు దారి పొడుగునా మా వెంటే వచ్చింది. పల్లె దాటినప్పుడల్లా కుక్కలు మమ్మల్ని వదిలేసి వాడి బండి వెంట మాత్రమే పడ్డాయి. మొరగడానికి కాదు, భోజనానికి. తొండూరు దాటగానే బండి ఒక్క తుమ్ము తుమ్మి ఆగిపోయింది. వాడు కిక్కు కొట్టాడు, ప్లగ్గు విప్పి తుడిచాడు, మళ్ళీ కిక్కు కొట్టాడు. పెద్దాయన దిగివచ్చి సైలెన్సర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టు... ఊహూ, గాలే రాలేదు. మూసకపోయింది. విప్పు."

వాడు నావైపు చూశాడు. నేను ఎదురుగా ఉన్న చెనిక్కాయ చేను ఎలా ఉందో చూస్తున్నాను. చేను బాగానే ఉంది.

విప్పక తప్పలేదు. కమ్మీ పెట్టి పొడిస్తే నల్లటి ముద్దలు రోడ్డు మీద రాలాయి. ఒక కుక్క వచ్చి వాసన చూసి, నిరాశపడి పోయింది. పెద్దాయన ఒక ముద్ద వేళ్ళతో నలిపి, వాసన చూసి, నిదానంగా తలెత్తాడు.

"ఏమప్పా, ఇది ఒరిజినల్‌కే పనికొస్తాదని గదా మీ బావ చెప్పింది? నీది డూప్లికేట్ గదా?"

ఎవరూ నవ్వలేదు. వాడు కమ్మీకి అంటిన మసి తుడుస్తూ, "ఊరికే... చీలుతాదేమో చూద్దామని" అన్నాడు.

అందరికీ అర్థమైంది. పెద్దాయన నావైపు చూసి తల ఊపాడు కూడా. ఇంకెవడైనా అయితే అక్కడితో పోనిచ్చేవాడు. నాకు తల ఊపడం చాలదు. నాకు కావలసింది వాడి నోరు.

సైలెన్సర్‌లో సగం అంబలి గట్టిపడి రాయైపోయింది, కమ్మీకి లొంగలేదు. అది లేకుండానే తోలాలి. కాలుతున్న సైలెన్సర్‌ను గుడ్డలో చుట్టి, "నీ పెట్టెలో పెట్టుకో బావా, నాకు చోటు లేదు" అని నా చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు కూడా చోటు లేదనే అన్నాడు, నీదని అనలేదు. నా బండి పక్కనున్న పొడుగు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాను.

ఆ తర్వాత వాడి బండి చేసిన మోత వర్ణించడం నా వల్ల కాదు. వర్ణిస్తే మీరూ నమ్మరు. పులివెందులలో జనం షాపుల్లోంచి బయటికొచ్చి ఆకాశం వైపు చూశారని మాత్రం చెబుతాను. గండిలో శ్రావణ శనివారం జనం చీమల్లా ఉన్నారు. వాడి బండి పాపఘ్ని ఏటి గట్టెక్కేసరికి ఆ జనం చీలి దారి ఇచ్చారు. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమోనన్న భయంతో వాడు ఆక్సిలేటర్ వదల్లేదు.

పూజారి నిమ్మకాయలు పట్టుకుని, చెవులు మూసుకోలేక, మొహం చిట్లించి నిలబడ్డాడు.

"ఏందప్పా ఈ మోత? నీ సైలెన్సర్ యాడ?"

"మా బావ దగ్గరుండాది సామీ!"

"ఆయన దగ్గరెందుకుండాది?"

వాడు ఒకసారి స్వామి గోపురం వైపు చూశాడు, ఒకసారి పెద్దాయన వైపు చూశాడు. తర్వాత తల దించుకుని ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనిపించింది. ఏమన్నాడో నాకు అర్థమైంది కూడా.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాను.

"వినపళ్ళేదప్పా! గట్టిగా చెప్పు!"

"అది మా బావదే సామీ!" అని అరిచాడు. కొబ్బరికాయల వాళ్ళు, కంకణాల వాళ్ళు, స్నానం చేసి వస్తున్న ఆడవాళ్ళు, అందరూ తిరిగి చూశారు.

ఇంజను ఆపి ఉంటే మొదటిసారే అందరికీ వినపడేది. ఆపమని నేను చెప్పలేదు.

"ఇంగొకసారి" అన్నాను.