సౌండ్ కార్డు లేని మాట

ఎవరైనా దయ్యం కనబడిందంటే, ముందు ఆ గదిలో వైరింగ్ చూడమని చెప్పే మనిషిని నేను. బళ్ళారిలో ఒక జీన్స్ వాషింగ్ యూనిట్లో కంప్యూటర్లు చూసుకుంటాను. చెడిన ప్రతిదానికీ కారణం ఉంటుందని నమ్మకం. ఆ ఒక్క మధ్యాహ్నానికి మాత్రం కారణం దొరకలేదు.

మా అన్న బండ్రిలో ఉంటాడు. గొంతుకు ఆపరేషనై మాట పోయింది. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రాం పెట్టిచ్చాను. బొంగురు యంత్రపు గొంతే. అయినా ఇంట్లో అందరికీ అదే అన్న గొంతయింది.

అన్న కూతురికి తాంబూలాలు మార్చుకునే రోజు. మా వాళ్లలో పళ్లెం అందించేటప్పుడు ‘పిల్లనిస్తాం’ అనే మాట తండ్రే చెప్పాలి. ఆయన ఉండగా ఇంకొకరు చెప్పకూడదు.

ఆ పొద్దున ఎవరూ అడగకుండానే నేను సిస్టం అప్‌డేట్ చేశాను. కొత్తది పలుకుతుందో లేదో చూడకుండానే, జాగా కోసమని సిస్టంకు గుండెకాయ లాంటి పాత కెర్నల్ తీసేశాను. అదంతా నా అహంకారం. మళ్లీ ఆన్ చేస్తే సౌండ్ సెట్టింగుల్లో ‘డమ్మీ అవుట్‌పుట్’ తప్ప ఏమీ లేదు, అంటే పలికే పరికరమేదీ దానికి కనబడలేదు.

సౌండ్‌ను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాంను చేత్తో లోడ్ చేశాను. నిలవలేదు. సెట్టింగుల ఫైళ్లు ఒక్కొక్కటే సరిచేశాను. బయటి స్పీకరు తగిలించినా మూగగానే ఉంది. ఫోనుతో చదివిద్దామంటే అందులో ఉన్నది ఆడగొంతు. అన్న పలక మీద రాశాడు: ‘ఆడగొంతుతో పిల్లనియ్యాల్నా?’

“నీ రిపేరీ అయ్యేలోపు దానికి పిల్లలు పుడతారులేప్పా,” అంది వదిన.

నేను లేవలేదు. పాత కెర్నల్ మళ్లీ దించుకోవడం మొదలుపెట్టాను. ఆ ఊళ్లో సిగ్నల్ నత్తనడక. ఇంతలో పెళ్లికొడుకు తండ్రి నవ్వుతూనే అడిగాడు: “ఏందప్పా, మాట యాడ? ముహూర్తం దాటిపోతాండాది.”

అన్న రెండు చేతులా పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూశాడు. డౌన్‌లోడ్ సగం కూడా కాలేదు. తెర మీద ‘సౌండ్ కార్డులు లేవు’ అన్న వరుస అట్లాగే ఉంది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి.

“మా పిల్లను మీ ఇంటికి ఇస్తాండాం.”

ల్యాప్‌టాప్‌లోంచే వచ్చింది. ఆ బొంగురు గొంతే. అందరూ విన్నారు. తాంబూలం చేతులు మారింది.

“పని గెలిచినావప్పా,” అని పెళ్లికొడుకు తండ్రి నా భుజం తట్టాడు. నేను తల ఊపాను. అట్లా తల ఊపినందుకే నాకు ఇప్పటికీ సిగ్గు.

సాయంత్రం పాత కెర్నల్ ఎక్కించాక సౌండ్ మామూలుగా వచ్చింది. సిస్టం రాసుకున్న లాగ్ అంతా చదివాను. ఆ మధ్యాహ్నం కార్డు దొరికిన జాడే లేదు. చదివే ప్రోగ్రాం తెరిచిన జాడ కూడా లేదు.

అన్న పక్కన కూర్చుని పలక మీద రాశాడు: ‘సమయానికి టైపు చేసినావు.’

“నేను చెయ్యలేదన్నా. నువ్వే ముందే చేసి పెట్టినావనుకుంటి,” అన్నాను.

ఆయన అడ్డంగా తల ఊపాడు. పలక తుడిచి మళ్లీ రాశాడు: ‘అట్లయితే పిల్లనిచ్చింది ఎవరు?’

మాట ఉన్నవాణ్ని నేను. అయినా ఆయన చేతిలోంచి పలక తీసుకుని ‘తెలీదు’ అని రాసిచ్చాను.