డాబా మీది నీలం నీళ్ళు

జూలూరుపాడులో మా కెమిస్ట్రీ సార్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఏడుపు రాలేదు. ముందు ఆయన డాబా మీది ట్రేలు గుర్తొచ్చాయి. బయట ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

రిటైరయ్యాక సార్‌కి ఒకటే పని. మిరప చేలలో మందు కొట్టిన డ్రమ్ములు కడిగే వాగు నుంచి నీళ్ళు తెచ్చి, ట్రేల్లో పోసి, టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి కలిపి ఎండలో పెట్టేవారు. వెలుతురు తగిలితే ఆ పొడి నీళ్ళలోని పురుగుమందును విరగ్గొడుతుంది. కానీ నెమ్మది. అందుకని పత్తి కట్టె కాల్చి, కంటికి ఆనని కార్బన్ రేణువులు తీసి అందులో చేర్చారు. "ఎండ ఇచ్చిన బలం పొడిలనే ఆరిపోతున్నది. కార్బన్ దాన్ని పట్టి పనిల పెడ్తది" అంటూ నాకొక మొట్టికాయ వేసేవారు. నాకు పెళ్ళై పిల్లలు పుట్టినా ఆ మొట్టికాయ మానలేదు.

పొడి పనితనం చూడటానికి నీళ్ళలో నీలం రంగు చుక్కలు వేసేవారు. సాయంత్రానికి పోయే నీలం, కార్బన్ కలిపాక మధ్యాహ్నానికే పోయింది. నేను సంబరపడ్డాను. సార్ ముఖం మాత్రం మాడిపోయింది.

"రంగు పోయింది. మందు పూరా పోయిందని ఎవరు చెప్పిండ్రు? విరిగిన ముక్కలు ఇంకేం విషమైనయో. తేటగున్న నీళ్ళకే భయపడాలె."

ఆనాటి నుంచి రంగు పోగానే మళ్ళీ చుక్కలు వేసేవారు, ఎవరూ పొరపాటున తాగకుండా. పొడి బాగుపడే కొద్దీ ఆయన మెట్లెక్కడం ఎక్కువైంది. పెళ్ళి విందులోనూ "నీలం పోతది, జల్దీ పోవాలె" అని విస్తరి ముందు నుంచి లేచేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన నాకు చదువుతోపాటు ఆ భయాన్నీ ఇచ్చారు. రెండూ మేలే.

నేను చేరేసరికి ఇంటి నిండా జనం. సార్ ముఖమైనా చూడకుండా డాబా ఎక్కాను. ట్రేల్లో పొడి అడుక్కి దిగి, నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. షామియానా కట్టేవాళ్ళు తాళ్ళు లాగుతున్నారు. పిట్టగోడ మీద ఒక స్టీలు గ్లాసు, అంచు ఇంకా తడిగా ఉంది.

"ఈ నీళ్ళు ఎవరన్నా తాగిండ్రా?"

వాళ్ళు పని ఆపారు. ఒకతను మూతి తుడుచుకుంటూ అడిగాడు.

"ఏందన్నా, గవి మంచినీళ్ళు కావా?"

అతన్ని బండి మీద దవాఖానాకు పంపించాను. నీళ్ళు పారబోద్దామంటే డాబా నీళ్ళు దిగే కాలువ మళ్ళీ వాగులోకే పోతుంది. సార్ రంగు సీసా వెతికి ట్రేలన్నింట్లో నీలం వేసి, పక్కనే నిలబడ్డాను. దవాఖానా నుంచి కబురు లేదు. కింద డప్పులు మొదలై, సార్ పాడెతోపాటు వీధి చివరికి కదిలాయి. నేను దిగలేకపోయాను. నా కళ్ళ ముందే నీలం పలచబడుతోంది.