వాడని కుళాయిలో నడిచిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లు కాగని రోజున వాటికి బదులుగా మా తాతయ్య కాగేవారు. పెరటి స్నానాల గదిలో మాకొక పెద్ద రాగి బాయిలర్ ఉండేది. దాని నడుమ గొట్టం, ఆ గొట్టం అడుగున బొగ్గుల జల్లెడ, చుట్టూ నీళ్లు. పొగ బయటికి పోవడానికి ఒక రేకు గొట్టాన్ని గోడలోంచి అవతలి సందులోకి తీశారు. తెల్లవారకముందే దాన్ని రాజేయడం మా అమ్మ పని. నీళ్లు బాగా కాగితే ఆ ఘనత రాగిది, కాగకపోతే తప్పు మా అమ్మది. ఈ న్యాయాన్ని ఎవరు రాశారో తెలిస్తే నిలదీసి ఉండేదాన్ని.

ఒక మార్గశిర మాసపు ఉదయం ఇంటి నిండా చుట్టాలు. బాయిలర్ రాజేసి చాలాసేపయినా నీళ్లు గోరువెచ్చన దాటలేదు. తాతయ్య వసారాలో నిలబడి అందరూ వినేలా తీర్పు చెప్పేశారు.

"తడి బొగ్గులు పోసింది మహాతల్లి! ఎండబెట్టమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

చుట్టాలు జాలిగా తలలాడించారు. అమ్మ బొగ్గుల గంప ముందు వంగింది. మా నాయనమ్మ నా మణికట్టు పట్టుకుని స్నానాల గదిలోకి తీసుకుపోయింది.

"రావే, మనిద్దరం దీన్నే అడుగుదాం."

నా అరచేతిని రాగి పొట్టకు ఆనించింది. వేడిగా ఉందా, చల్లగా ఉందా అని అడిగింది. అమ్మ బొగ్గులు ఎండబెట్టింది, నేను చూశాను అని నేను మొదలుపెట్టాను. నాయనమ్మ నా నోటిమీద వేలు పెట్టింది. "ఎవరని నేనడగలేదు. వేడా, చల్లనా? అంతే చెప్పు." గోరువెచ్చన అన్నాను. తరువాత పట్టకారుతో ఒక బొగ్గు తీసి నా చెవి దగ్గర పెట్టింది. తడి బొగ్గయితే చిటపటమంటుంది, ఇది నోరెత్తలేదు. జల్లెడ కింద పుల్ల ఆడిస్తే బూడిద సులువుగా రాలింది. ఇక మిగిలింది గాలి. బాయిలర్ అడుగున ఉన్న బుల్లి తలుపు దగ్గర చెయ్యి పెడితే, గాలి లోపలికి పోవలసిన చోటునుంచి పొగ బయటికి వస్తోంది. లోపలికి దారి ఉంది, బయటికి లేదన్నమాట.

ఇద్దరం ఇల్లు చుట్టి సందులోకి వెళ్లాం. రేకు గొట్టం మూతిమీద మా తాతయ్య తడి తుండుగుడ్డ నాలుగు మడతలతో హాయిగా ఆరుతోంది. చన్నీళ్ల స్నానమే మగతనమని చెప్పుకునే ఆ మహానుభావుడు అందరికంటే ముందు స్నానం ముగించి, వెచ్చగా ఉందిగదా అని దాన్నక్కడ ఆరేశారు. నేను నవ్వు ఆపుకోలేక మోకాళ్లమీద కూలబడ్డాను. నాయనమ్మ మాత్రం ఆ గుడ్డను తీసి, దులిపి, వసారాలోకి వెళ్లి ఆయన చేతిలో పెట్టింది. "ఆరింది, తీసుకోండి" అంది, అంతే. తాతయ్య గుడ్డను చూశారు, నాయనమ్మను చూశారు, దగ్గారు, పంచాంగం తెరిచారు. కాసేపటికి నీళ్లు సలసల కాగాయి.

ముందు అరచెయ్యి అడగాలి, నోరు తరువాత. ఆనాడు నాయనమ్మ నేర్పిన ఈ పద్ధతే తరువాత నాకు అన్నం పెట్టింది. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఫిర్యాదుల విభాగంలో చేరి, అక్కడే తల నెరిసి, రిటైరైనదాన్ని నేను. విన్నదాన్ని కాక చూసినదాన్ని మాత్రమే పుస్తకంలో ఎక్కించడం నా అలవాటు. ఇంట్లో ఉప్పు ఎప్పుడు తెచ్చారో కూడా రాసిపెడతానని మా అల్లుడు వేళాకోళమాడతాడు. ఆడనివ్వండి. ఉప్పు ఎప్పుడు తెచ్చామని అడిగేది మళ్లీ నన్నే.

రెండువేల ఎనిమిది డిసెంబరులో నేను మస్కట్ వెళ్లాను. అక్కడ దార్సైట్ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాటు. మనవరాలికి ఆరో నెల. ఇంట్లో పనికీ, పిల్లను చూడడానికీ కడప జిల్లా నుంచి వచ్చిన ఒక ఆవిడ ఉండేది. మా అమ్మాయి ఆమెను అక్కా అని పిలుస్తుంది కనుక నేనూ అక్క అనే రాస్తాను. ఊళ్లో ఆమె కూతురు నర్సింగు చదువుతోంది. ఆ చదువు అక్క వీసామీద నడుస్తోంది. ఆ వీసాను వచ్చే నెలలో పొడిగించాలి.

నేను వెళ్లిన వారానికే ఒక ఉదయం, చలి మొదలైందని ఆ ఏడు మొదటిసారిగా ఇల్లంతటికీ ఉన్న ఒక్క గీజరు వేశారు. ఎంతసేపు చూసినా ఏ కుళాయిలోనూ వేడినీళ్లు రాలేదు. వంటింట్లో గోరువెచ్చన, రెండు స్నానాల గదుల్లోనూ గోరువెచ్చన. భవనం మరమ్మతులు చూసే మనిషిని పిలిపించారు. నిజామాబాద్ వైపు అబ్బాయి, మాట మంచిదే, కానీ కాలు నిలవదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచీ విడవకముందే కుళాయి తిప్పి, వేలు పెట్టి, పైనున్న గీజరుకేసి ఒకసారి తలెత్తి చూశాడు.

"ఖలాస్ అమ్మా. లోపల కాయిల్ కాలింది. పనామె గోడలు కడుగుకుంట పైపుతోని నీళ్లు కొట్టి ఉంటది. గట్లైతే ఓనర్ ఇయ్యడు, మీరే కొనాలె."

"నేను కొట్టలేదు మా!" అంది అక్క, చేతిలో పాలసీసాతోనే. "గోడ కడిగింది నిజమే. దాని తావకు గూడా పోలే."

"మొన్న మిక్సీ కూడా ఇలాగే అన్నావక్కా" అంది మా అమ్మాయి. నిద్రలేని తల్లి గొంతు అది. నావైపు తిరిగి మెల్లగా అన్నాననుకుంది గాని, అందరికీ వినబడింది. "మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఇప్పుడిది. ఇంక నావల్ల కాదమ్మా. వీసా పొడిగించం, పంపించేస్తాం."

అక్క పాలసీసాను బల్లమీద పెట్టింది. అది ఒరగకుండా రెండు చేతులతో సరిచేసింది. ఆ తరువాత ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

నాకు ఒళ్లు మండింది. నిచ్చెన ఎక్కలేదు, మూత విప్పలేదు, పరికరాల సంచి జిప్పయినా తీయలేదు. అయినా రోగమేమిటో తేలిపోయింది, దోషి ఎవరో తేలిపోయింది, శిక్ష కూడా పడిపోయింది! మా ఎక్స్‌ఛేంజిలో ఇట్లాంటి రిపోర్టు రాసినవాడిని నేను కుర్చీలో కూర్చోనిచ్చేదాన్ని కాదు.

"ఆ స్టూలు ఇట్లా వెయ్యి నాయనా. వేసి గట్టిగా పట్టుకో" అన్నాను.

"అమ్మా, పడతవ్! నాకు అల్ అమెరాత్‌ల ఇంకో డ్యూటీ ఉన్నది."

"నేను పడితే నీకు ఇక్కడే డ్యూటీ పడుతుంది. పట్టుకో."

స్నానాల గది బయట గీజరు స్విచ్చి ఎర్రగా వెలుగుతోంది, కనుక కరెంటు ఉంది. స్టూలెక్కి గీజరులోకి నీళ్లు వెళ్లే గొట్టాన్ని తాకాను, చల్లగా ఉంది. బయటికి వచ్చే గొట్టాన్ని తాకాను, చెయ్యి చురుక్కుమంది. ఇన్నేళ్ల నా జీవితంలో చెయ్యి కాలినందుకు సంతోషించింది ఆ ఒక్కరోజే. కాయిల్ కాలలేదు. గీజరు నీళ్లు కాస్తోంది. ఆ వేడి కుళాయిదాకా చేరకుండా దారిలో ఎక్కడో చన్నీళ్లు వచ్చి కలుస్తున్నాయి.

"అమ్మ డాక్టరమ్మ లెక్క నాడి చూస్తున్నది" అన్నాడు అబ్బాయి, కింద స్టూలు పట్టుకుని.

"నువ్వు నాడి చూడకుండానే శవమన్నావు. నేను చూసి బతికే ఉందంటున్నాను" అన్నాను. దూరంగా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ మస్కట్ వేసవిని గురించి ఒక మాట చెప్పాలి. మేడమీది ట్యాంకులో నీళ్లు ఎండకు ఎంత కాగుతాయంటే, ఆ నెలల్లో నీలిగుర్తు కుళాయి తిప్పితే చర్మం ఊడుతుంది. అందుకని అక్కడివాళ్లు గీజరును ఆపేసి, ఇంటి లోపల నీడన చల్లారిన దాని నీళ్లను ఎర్రగుర్తు కుళాయినుంచి వాడుకుంటారు. ఎరుపు చల్లన, నీలం వేడి. నాలుగు నెలలు అట్లా బతికినవాళ్లకు చలికాలంలో చేతులు తికమకపడడంలో వింతలేదు. ఈ సంగతి మా అమ్మాయే మొదటిరోజున నాకు చెప్పింది.

అందుకే ఇప్పుడు ప్రతి కుళాయినీ విడిగా అడగదలచుకున్నాను. అక్కను వంటింట్లో నిలబెట్టాను.

"అక్కా, ఎర్రది తిప్పు!"

"తిప్పినా మా!"

"ఆపు!"

"ఆపినా! ఏంది మా, మళ్లీ తిప్పేదా?"

"చెప్పినప్పుడు తిప్పు!"

వంటింట్లో నీళ్లు పారుతుంటే నేను ఒక్కొక్క కుళాయినీ అరచేత్తో పట్టుకుంటూ పోయాను. పెద్ద స్నానాల గదిలో అన్నీ మౌనంగా ఉన్నాయి. చిన్న గదిలో, పిల్లకు స్నానం చేయించే చేతి షవరు దగ్గర, ఆ నిమిషాన ఎవరూ వాడని కుళాయి నా అరచేతికింద సన్నగా వణికింది. చెవి ఆనిస్తే లోపల నీళ్లు నడుస్తున్న చప్పుడు. అక్క వంటింట్లో ఆపగానే ఇక్కడ వణుకు ఆగింది, తిప్పగానే మొదలైంది.

చూస్తే చేతి షవరుకు నీళ్లిచ్చే ఎర్ర పిడీ, నీలి పిడీ రెండూ తెరిచే ఉన్నాయి. షవరు కొసన ఉన్న మీట ఒక్కటే మూసి ఉంది. చుక్క కూడా కారదు కనుక ఎవరి కంటా పడలేదు. లోపల మాత్రం చన్నీళ్లు నీలి దారిన వచ్చి, ఎర్ర దారిన వెనక్కి పోయి, ఇంటిల్లిపాది వేడినీళ్లలో కలుస్తున్నాయి. రెండు పిడులూ బిగించాను. కొద్దిసేపటికి వంటింట్లోంచి కేక వినిపించింది.

"అబ్బా! కాలింది మా! దేవుడా, బలే కాలింది!"

అంత ఆనందంగా కాల్చుకున్న మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

మా అమ్మాయి మొహం ఎర్రబడింది. వేసవిలో పిల్లకు నీళ్లు సమంగా కలవడానికి రెండు పిడులనూ సరిచూసి, మళ్లీ మళ్లీ తిప్పే ఓపిక లేక, తెరిచి ఉంచి మీటతోనే ఆపుతూ వచ్చింది తనే. గీజరు ఆపేసి ఉన్నంతకాలం ఎర్ర కుళాయి కాస్త వెచ్చగా వచ్చినా ఎండ మహిమే అనుకున్నారు. చలికి పిల్ల స్నానం టబ్బులోకి మారాక ఆ పిడుల మాటే మరిచిపోయింది.

మరమ్మతుల అబ్బాయి ఒప్పుకోవడానికి ఆలోచించలేదు. "గలతైంది అక్కా, ఏమనుకోకు" అనేసి, టీ తాగి, తన డ్యూటీకి పోయాడు. మా అమ్మాయి మాత్రం నన్ను గదిలోకి లాగింది. "వీసా పొడిగిస్తాలే అమ్మా. పిడులు తెరిచింది నేనని అక్కకు తెలియకపోతే ఏం? ఇంక ఆ మాటెందుకు?"

అప్పుడు దానికి ఇంతవరకూ చెప్పని సంగతి చెప్పాను. తుండుగుడ్డ కథ దానికి తెలుసు, ఎన్నోసార్లు నవ్వుకుంది. దాని తరువాయి తెలియదు. నాయనమ్మ గుట్టుగా గుడ్డ ఇచ్చేసింది, తాతయ్య పరువు నిలిచింది, నీళ్లు కాగాయి. కానీ తప్పు నీది కాదని మా అమ్మకు చెప్పినవారు లేరు. ఆ వారమంతా ఆమె ఎండిన బొగ్గుల్నే మళ్లీ మేడమీద పరిచి, సాయంత్రానికి ఎత్తి, మర్నాడు మళ్లీ పరిచింది. నేను చెప్పబోతే నాయనమ్మ కళ్లతోనే వారించింది. నాయనమ్మ నేర్పినవాటిలో సగమే పాఠమని, మిగతా సగం ఆ మేడమీద ఉందని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

మా అమ్మాయి తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. ఇందాక ఏ గొంతుతో అందో ఆ గొంతుతోనే, నాకు హాల్లోకి వినబడేలా అంది.

"అక్కా, ఆ పిడులు తెరిచి పెట్టింది నేనే. నీ తప్పేం లేదు. ఊరికే మాటన్నాను. మనసులో పెట్టుకోకు."

గిన్నె ఒకటి దించిన చప్పుడైంది. ఆ తరువాత అక్క గొంతు వినిపించింది.

"సరేలే మా. మిక్సీ మాత్రం నేనే చెడగొట్నా. పిండి శానా ఎక్కువేసినా. ఆ పొద్దు భయపడి చెప్పలే."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుకు పసిపిల్ల లేచి ఏడ్చింది. అక్క పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. ఆ రోజు మనవరాలికి వేడినీళ్ల స్నానం నేనే చేయించాను.

ఇప్పటికీ ఇంట్లో ఏదైనా ఆగిపోతే నేను ముందు అరచెయ్యి చాస్తాను, అది నాయనమ్మ ఇచ్చింది. తప్పెక్కడుందో తేలాక అందరూ ఊపిరి పీల్చుకుని ఎవరి పనిలో వాళ్లు పడతారే, నేనప్పుడు లేచి, ఆ పూట మాట పడిన మనిషి ఏ గదిలో ఉందో వెతుక్కుంటూ వెళతాను. ఇది ఎవరూ నాకు నేర్పలేదు.