ఉడకని పప్పు, రద్దయిన కార్డులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మదనపల్లెలోని ఒక ఫుడ్ బ్యాంక్‌కు స్టోర్స్ ఆఫీసర్‌గా వేశారు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఒక మిషన్ ఆసుపత్రి స్టోర్లో పనిచేశాను. దాతలిచ్చిన సరుకునూ, విరాళాలతో కొన్న సరుకునూ గోడౌన్‌లో చేర్చి, తిండికి కటకటలాడే కుటుంబాలకు నెలకొక సంచి చొప్పున ఇవ్వడం ఈ సంస్థ పని. గోడౌన్ మదనపల్లెలో, పంపిణీ కేంద్రాలు పుంగనూరు, కుప్పంలలో. నా పైన కార్యదర్శి, ఆయన పైన కమిటీ. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి కార్డు ఇస్తాం. నెలనెలా పిల్లల బరువు తూచి, కార్డు మీద రాసి, సంచి ఇస్తాం. సంచిలో సరుకు అమ్ముకున్నట్టు తేలితే కార్డు రద్దు. ఆ రద్దు కాగితం మీద పడే సంతకం నాది.

మా నాయన పుంగనూరులో చిల్లరంగడి నడిపేవాడు. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని ఇంట్లో ఎగతాళి చేసేవారు. ఆ ఏడు కందిపప్పు ధర మండిపోతుంటే, ఒక మండీ వ్యాపారి దగ్గర మూడుసార్లు లేచి, మూడుసార్లు చెప్పులు తొడుక్కుని, చివరికి నేనన్న ధరకే ఒప్పించాను. అంత సులువుగా దిగివచ్చిన వ్యాపారిని చూస్తే మా నాయన నాలుగోసారి లేచి నిజంగానే వెళ్ళిపోయేవాడు. నేను మాత్రం ఛాతీ విరుచుకుని లారీకి ఎత్తించాను.

పరీక్ష చేయలేదని కాదు. మూటల్లో ఇనుప గొట్టం గుచ్చి నమూనాలు తీశాం, పురుగు చూశాం, తేమ చూశాం. ఆఫీసు కుక్కర్లో క్యాన్ నీళ్ళు పోసి ఉడికిస్తే ఐదు విజిళ్ళకు మెత్తబడింది. రిజిస్టర్లో ‘బాగుంది’ అని రాసి సంతకం చేశాను.

రెండు నెలలకు సోమల మండలంలోని ఒక ఊరి అంగట్లో మా పప్పు పొట్లాలు అమ్మకానికి కనిపించాయి. పదకొండు ఇళ్ళవాళ్ళు వాటిని ఇచ్చి బదులుగా బన్నులూ బిస్కెట్లూ తీసుకున్నారని తేలింది. ఊరికే ఇస్తే వీళ్ళకు విలువ తెలియదని కమిటీ అధ్యక్షుడు అన్నాడు. ఎందుకిచ్చారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పదకొండు కార్డులూ రద్దు చేసి, పద్ధతి ప్రకారం పని జరిగిందని తృప్తిగా ఇంటికి వెళ్ళి భోంచేశాను. ఆ భోజనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పుంగనూరు కేంద్రంలో పిల్లల బరువు తూచే నర్సు గ్రేస్ సిస్టర్. కార్డు పోయినా ఆ ఊరికి వెళ్ళి పిల్లలను తూచడం ఆమె మానలేదు. మరో రెండు నెలలకు నాకు ఫోన్ చేసి, మునెమ్మ అనే కూలి మనిషి కూతురు, నాలుగేళ్ళ భవ్య, వరసగా రెండుసార్లు బరువు తగ్గిందని చెప్పింది. “మీరొచ్చి సూడండి సార్. కాయితం మీద సూస్తే తెలీదు,” అంది.

వెళ్ళాను. టమాటా కోతకు పోవలసిన మునెమ్మ నాకోసం కూలి మానుకుని కూర్చుంది.

“పప్పు యాల ఇచ్చేసినావమ్మా?” అని అడిగాను.

“ఉడకనిదాన్ని ఏం జేసుకోవాల సారూ? ఇంకా రోంత ఉండాది. పొయ్యి మీద పెడతా, నువ్వే ఈడ కూచోని సూడు.”

బోరు నీళ్ళు పోసి దబర పొయ్యి మీద పెట్టింది. ఆ ఊరి నీళ్ళు ఉప్పన. గంటయింది. రెండు గంటలయింది. పక్కింటి ముసలామె తొంగిచూసి, “సారుకు ఆకలైతాందేమో, రొన్ని పలుకులు పెట్టే, నములుకుంటాడు,” అంది. “ఇది ఉడికేలోపల నాకింకో బిడ్డ పుట్టేట్టుండాది,” అని మునెమ్మ అందరినీ నవ్వించింది. మూడో గంటకు ఒక పలుకు తీసి కొరికాను. రాయి. ఎన్నేళ్ళో నిలవున్న పప్పు. మంచినీళ్ళూ కుక్కరూ దాని గుట్టు దాచాయి. భవ్య గడపలో కూర్చుని, ఏడవకుండా దబరనే చూస్తోంది.

తరువాతి కమిటీ సమావేశానికి ఆ పప్పు, ఆ ఊరి నీళ్ళు ఒక క్యాను, ఒక దబర తీసుకెళ్ళాను. పొద్దున పదింటికి వరండాలో పొయ్యి వెలిగించి, మధ్యాహ్నం భోజనంలో ఇదే పప్పు అని చెప్పాను. కుప్పం కేంద్రంలో సంచులు తీసుకున్నవాళ్ళు కూడా ఈ పప్పు ఉడకక, రాత్రంతా నానబెట్టి ఆవులకు పెడుతున్నారన్న సమాచారం చదివి వినిపించాను. ఒంటిగంటకు విస్తళ్ళలో వడ్డిస్తే అధ్యక్షుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకు ఊశాడు. కుక్కర్లో పెట్టుకోవచ్చు కదా అన్నాడు. కుక్కరు కూడా సంచిలో వేసి ఇద్దామా అని అడిగాను.

కార్డులు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. కానీ కార్యదర్శి తీర్మానంలో ‘మానవతా దృక్పథంతో క్షమించి’ అని రాశాడు. రాళ్ళు ఇచ్చింది మేము, క్షమాభిక్ష పొందేది వాళ్ళు! ఆ మాట తీసేదాకా సంతకం పెట్టనన్నాను. సంస్థ పరువు పోతుందన్నారు. అక్కడ నా జీవితంలో అతి చెత్త బేరం ఆడాను: సరుకు నాసిరకమని రాయండి, ఎంపికలో తప్పు స్టోర్స్ ఆఫీసర్‌దని నా పేరే రాయండి. ఈసారి వాళ్ళు మొదటి మాటకే ఒప్పుకున్నారు. నా సర్వీసు ఫైల్లో మెమో పడింది. అది న్యాయమే.

కార్డు చేతికిచ్చినప్పుడు మునెమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “సరే సారూ. మా బిడ్డకు రాని ఆ రెండు నెల్ల సంచులు?” అంది. గడిచిన నెలల సంచి ఇచ్చే నిబంధన లేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

ఆ ఏడాది చివర కొనుగోలు నియమాల్లో రెండు మార్పులు రాయించాను. పప్పు ఏదైనా పంపిణీ జరిగే ఊరి నీళ్ళతో, మామూలు దబరలో ఉడికించి తిన్నాకే తీసుకోవాలి. కుటుంబం మీద ఫిర్యాదు వస్తే విచారణ జరపవచ్చు గానీ, అది ముగిసేదాకా సంచి ఆపకూడదు. రద్దు చేసిన కార్డును తిరిగి ఇవ్వడం తేలిక. నాలుగేళ్ళ పిల్ల తినకుండా పోయిన తిండిని ఏ తీర్మానంతోనూ తిరిగి ఇవ్వలేం.