ఎక్కడ తోలతారని అడిగిన మనిషి

మా చిన్నాయన పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, వాకిట్లో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయాడు. నేను అప్పటికే అంగడికి బయల్దేరి బస్సులో ఉన్నాను. ఆయన కూతురు, నాకు చెల్లెలి వరస, ఫోన్ చేసి "అక్కా, నాయన పలకడంలేదు" అంది.

పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మందిది ఒకటే మాట. "మంచోడేమ్మా, కానీ మొండి. వ్యాపారం తెలీదు. వచ్చిన గిరాకీని వాపసు పంపేవాడు." చావింట్లో ఎదురు మాట్లాడకూడదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. గట్టిగా మాట్లాడటం నాకు రాదు, అందుకే రాస్తున్నాను.

నగర్తపేట వెనక సందులో ఆయనది బ్రేకుల అంగడి. మొదట్లో ఆటోలకు, లారీలకు లైనింగ్ అతికించేవాడు. తర్వాత కార్ల ప్యాడ్లు. కొన్నేళ్లుగా రేసు ట్రాకు మీద కారు తోలే సరదా ఉన్నవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడిన ఏడాది నన్ను పిలిచి కౌంటర్లో కూర్చోబెట్టాడు. నేను చదివింది పదో తరగతి. బ్రేకంటే కాలితో తొక్కేదని తప్ప ఏమీ తెలియదు.

ఆ ఏడాది ఆయుధపూజకు నాకు భక్తి ఎక్కువై, కొత్త ప్యాడ్లన్నీ పెట్టెల్లోంచి తీసి, నూనెలో కలిపిన కుంకుమతో ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టాను. సరిగ్గా, చక్రంతోపాటు తిరిగే డిస్కును పట్టుకునే ముఖం మీదే పెట్టాను. అక్కడ నూనె తగిలిందంటే ఇక పట్టు ఉండదు, జారుడే. చిన్నాయన వచ్చి ప్యాడ్లు చూశాడు, నన్ను చూశాడు.

"బొట్టు వీపున పెట్టల్ల పాపా. ముందరపక్క దానికి పని ఉండాది."

తుడిచి అమ్మితే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన ఒక్కటీ అమ్మలేదు.

అంగట్లో ఆయనకొక పద్ధతి ఉండేది. పెట్టె చూపించేముందు అడగాలి. బండి ఎక్కడ తోలతారు? ఇంట్లోంచి బయటికొస్తే మొదటి సిగ్నల్ ఎంత దూరం? పక్కన ఎవరు కూర్చుంటారు? చాలామంది ఒకటే పొరపాటు పడతారు. రేసు ప్యాడ్ ఖరీదైనది కాబట్టి ఎక్కడైనా అదే బాగా ఆపుతుందనుకుంటారు. అది బాగా వేడెక్కితేనే పట్టుకుంటుంది. మడివాళ ట్రాఫిక్‌లో నత్తలా పాకే బండికి అంత వేడి ఎక్కడినుంచి వస్తుంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడు తొక్కితే, మనం ఆగాలనుకున్న చోటు దాటిపోయి ఆగుతుంది. మామూలు ప్యాడ్‌తో ట్రాకుకు పోతే మరో కష్టం. నాలుగు చుట్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత కాగిపోయి, ఎంత తొక్కినా బండి మాట వినదు.

"రేసోనికి ఇరవయ్యో తొక్కుడు ముఖ్యమప్పా. నీకు మొదటి తొక్కుడు ముఖ్యం," అనేవాడు.

ఒకసారి మహదేవపుర నుంచి ఒకామె వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం. నెలకోసారి చెన్నై వైపు ట్రాకుకు పోతుంది, రోజూ ఆఫీసుకూ అదే కారు. రేసు ప్యాడ్లు బిగించమంది. చిన్నాయన ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"అంకుల్, నేను పెళ్లిచూపులకు రాలేదు. ప్యాడ్లకు వచ్చాను."

"పెళ్లిచూపులైతే ఇన్ని అడగనమ్మా."

ఆమె నవ్వలేదు. వెళ్లిపోయి, ఈ ముసలాయనకు రేసింగ్ తెలియదని ఇంటర్నెట్‌లో రాసింది. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది, వేరేచోట రేసు ప్యాడ్లే బిగించుకుని.

"చూడండి, ఇన్నాళ్లయింది. ఏమీ కాలేదు."

"సంతోషమమ్మా. బ్రేకు అరుస్తా ఉండాదా?"

"నేను మలుపులో ఉండగానే మా వాచ్‌మన్ గేటు తీసేస్తున్నాడు."

"శనివారం సాయంత్రం బండి ఈడ వదిలిపెట్టు, రాత్రంతా చల్లారల్ల. ఆదివారం పొద్దున ఆరుకు రా."

మార్కెట్ తెరవని ఆ పొద్దున, ఖాళీ రోడ్డు మీద చిన్నాయన సుద్దతో గీత గీశాడు. ఫలానా స్తంభం దగ్గర తొక్కితే గీత మీద ఆగాలి. ఆమె తొక్కింది. బండి గీత దాటి ఇంకో కారు పొడవు పోయి ఆగింది. ఏడెనిమిదిసార్లు గట్టిగా తొక్కి వేడెక్కించాక, సరిగ్గా గీత మీద ఆగింది. ఆమె దిగి, గీతకూ స్తంభానికీ మధ్య నడిచి చూసుకుంది.

"మొదటిది మళ్లీ చూడాలి అంకుల్."

"అది చల్లారాలంటే ఇడ్లీ తిని రావల్లమ్మా."

ముగ్గురం పోయి తిన్నాం. ఆ రోజు ఆమె ఊళ్లో తిరగడానికి ఒక జత తీసుకుంది, రేసు జత డిక్కీలో పెట్టుకుంది. ట్రాకుకు పోయినప్పుడు అక్కడే మార్చుకోవడం, అంతకుముందే బ్రేకు ఆయిల్ కొత్తది పోయించుకోవడం చిన్నాయన దగ్గరుండి నేర్పించాడు.

ఆమే ఒకసారి మమ్మల్ని ట్రాకుకు తీసుకుపోయింది. పంచె కట్టుకుని కంచె పక్కన నిలబడి చూస్తున్న చిన్నాయన ఉన్నట్టుండి కంచెను పట్టుకుని ముందుకు వంగాడు. మా దగ్గర ప్యాడ్లు కొన్న ఒకాయన కారు మలుపులో ఆగలేక, పొగలు కక్కుతూ ఇసుకలోకి దూసుకుపోయింది. దెబ్బలేమీ తగల్లేదు. ఆ ప్యాడ్లు "రోడ్డుకూ ట్రాకుకూ రెండింటికీ సరిపోతాయి" అని ఇచ్చింది చిన్నాయనే.

మర్నాడు ఫోన్ నంబర్ల పుస్తకం తెప్పించాడు. నేను నంబర్లు కలిపాను, ఆయన మాట్లాడాడు. "నేను తప్పు చెప్పినానప్పా. ట్రాకు మీద అది పట్టుకోదు. వచ్చి మార్చుకో." అట్లా ఎవరెవరికి ఇచ్చాడో వాళ్లందరికీ చెప్పాడు. కొందరు ఆశ్చర్యపోయారు, ఒకరిద్దరు తిట్టారు. తిట్టినవాళ్లకూ అదే మాట మళ్లీ చెప్పాడు.

దీన్ని వ్యాపారం తెలియకపోవడం అంటారా, అయితే నాకూ తెలియదు. తెలుసుకునే ఉద్దేశమూ లేదు. నేను రోజూ పారాయణ చేసుకునే మనిషిని. టైరు కింద నిమ్మకాయ పెట్టి బయల్దేరేవాళ్లను తప్పుపట్టను. కానీ మనం చేయాల్సిన పని ఎగ్గొట్టి దేవుడి మీదకు తోయడం నా మనసు ఒప్పదు. ఇది ఆయన నోటితో చెప్పలేదు. ఆయన్ని చూసి నేర్చుకున్నాను.

దినాలు ముగిశాక అంగడి ఆయన అల్లుడి చేతికి వచ్చింది. చెడ్డవాడు కాదు. అంగడి నిలబెట్టాలన్న తొందర అతనిది. కొత్తరకం ప్యాడ్ల పెట్టెలు దింపించాడు. రోడ్డుకూ ట్రాకుకూ ఒకటే అని వాటి మీద రాసి ఉంది.

"వదినా, ఇకమీద అడిగింది ఇచ్చేయండి. ఆన్‌లైన్లో ఎవురూ ప్రశ్నలు వేయరు."

"అందుకే కదప్పా మన దగ్గరికి వచ్చేది."

"మామ కాలం వేరే వదినా."

"కాలం మారినా బ్రేకు అదే ఉండాది. నేను కౌంటర్లో ఉన్నంతకాలం అడుగుతా. వద్దంటే ఇప్పుడే చెప్పు, నా టిఫిన్ డబ్బా తీసుకుని పోతా."

అతను పెట్టెలు సర్దడంలో పడ్డాడు. యాభై ఏళ్ల వయసులో ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ దొరకదని నాకు తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మొన్న సోమవారం ఒకాయన వచ్చి రేసు ప్యాడ్లు కావాలన్నాడు. అల్లుడు నా పక్కనే ఉన్నాడు.

"బండి ఎక్కడ తోలతారు సార్?"

"ఇల్లు, ఆఫీసు, పాప స్కూలు. ఎందుకు?"

టార్చి తీసుకుని బయటికి పోయి, చక్రాల సందుల్లోంచి చూశాను. ఉన్న ప్యాడ్ల మందం ఇంకా సగానికి పైగానే ఉంది. మంచివే.

"మీకు ఇప్పుడు ఏమీ అక్కర్లేదు సార్. రేసువి వేస్తే పొద్దున పాపను తీసుకుపోయేటప్పుడు ఇంత బాగా ఆగదు."

"మీరు అమ్మేదానికి కూర్చున్నారా, వద్దనేదానికా?" అని ఆయన కారెక్కాడు.

"పోయినాడు చూడండి వదినా," అన్నాడు అల్లుడు.

"చూస్తానే ఉండానప్పా."

కారు సందు చివరికి చేరింది. నెత్తిన పూలబుట్టతో ఒకామె ఎటూ చూడకుండా అడ్డంగా దిగింది. కారు వెనక రెండు దీపాలు ఎర్రగా వెలిగాయి. బండి అక్కడికక్కడే నిలబడిపోయింది. ఆమె తొందరపడలేదు. బుట్ట సర్దుకుంది, నిదానంగా దాటింది. ఆమె అవతలికి పోయాక కూడా ఆ ఎర్ర దీపాలు కాసేపు ఆరలేదు. అల్లుడూ నేనూ కౌంటర్ మీద చేతులు పెట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాం.