దాదీ ముట్టని తర్బూజ

మా చిన్నప్పుడు మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో ఎండలు ముదిరాయంటే ప్రాణహిత ఏటి ఇసుకలో పండిన తర్బూజలు ఇంటికొచ్చేవి... అదేనండీ, పుచ్చకాయలు. మా దాదీ, అంటే నాయనమ్మ, ఒకటి ఏరి, తడి గోనెసంచి చుట్టి, నీళ్ళ కుండల పక్కన నీడలో పెట్టేది. నేను చెప్పబోయే రోజూ అలాగే పెట్టింది. పొద్దుటి నుంచి మాటిమాటికీ వెళ్ళి, చల్లబడిందా అని చేత్తో తట్టి చూసుకుంటూనే ఉంది.

ఆ ఏడు రంజాన్ మండుటెండల్లో పడింది. అంత వయసులోనూ దాదీ ఒక్క రోజా, అంటే ఒక్క ఉపవాసం కూడా, వదిలేది కాదు. నన్ను మాత్రం వదిలేసింది. పదకొండో తరగతి పరీక్షలు కదా, తర్వాత ఉండొచ్చులే అని తనే అంది. కాబట్టి నేను మధ్యాహ్నం శుభ్రంగా అన్నం తిన్నాను... ఆ సంగతి గుర్తుంచుకోండి.

కాలేజీలో నేను చిత్రకళ తీసుకున్నాను. మనుషుల మొహాలు గీయొద్దు, పండ్లూ గిన్నెలూ ఎన్నైనా గీసుకో అన్న షరతు మీద అబ్బా, అంటే మా నాన్న, ఒప్పుకున్నాడు. మాకు బొమ్మలు నేర్పే మరాఠీ సార్‌కు కూడా వస్తుచిత్రమంటే, అదే ఎదురుగా పెట్టిన వస్తువుల బొమ్మంటే, ప్రాణం. పెట్టినవి పెట్టినట్టే ఉండాలి, బొమ్మ పూర్తయ్యేదాకా ఎవరి చేయీ పడకూడదు, కోసిన పండు తడి కాగితం మీద కనబడాలి అని మరీ మరీ చెప్పేవారు.

ఆ సాయంత్రం దాదీ తిండి పెట్టుకునే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, తర్బూజ కోసి పళ్ళెంలో పెట్టింది. పక్కన ఖర్జూరాలు, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు... పడమటి వెలుగు వచ్చి ఆ ఎర్రటి ముక్కల మీద పడింది. ఇంకేముంది, రంగుల డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. రోజా విడిచే ఇఫ్తార్‌కు ఇంకా టైముంది, అయిపోతుందిలే అనుకున్నాను. నా మొహం... నీటిరంగులు ఎవరి మాటైనా వింటాయా! ఒక పూత ఆరితే గానీ ఇంకో పూత వేయలేం.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. అబ్బా అప్పటికే సైకిల్ షాపు మూసి వచ్చి కూర్చున్నాడు. అమ్మీ పకోడీలు తెచ్చింది. దాదీ దువా చదువుకుని తర్బూజ ముక్క మీదికి చేయి చాపింది. నేను తలెత్తకుండానే అన్నాను...

"జర ఆగు దాదీ. ముట్టకు."

ఆ చేయి అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి పోయింది. అబ్బా నన్ను కోప్పడబోతే దాదీ ఆపింది.

"ఇప్పుడేమనకు బేటా. రంగు తడి మీదున్నది, పిల్ల పరేషాన్ అయితది."

అమ్మీతో ఉప్పుగల్లు తెప్పించుకుని, నాలుక మీద వేసుకుని రోజా విడిచింది. చెంబు కూడా నా బొమ్మలో ఉందని వంటింట్లో కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. ఆమె వెనకే అబ్బా, అమ్మీ కూడా లేచి వెళ్ళారు. పళ్ళెం ముందు నేనొక్కదాన్నే మిగిలాను... తిన్న కడుపుతో.

నేను బ్రష్ కింద పెట్టేసరికి ముక్కలు వెచ్చబడి చీమలు పట్టాయి. అమ్మీ తీసుకెళ్ళి మేకకు వేసింది. దాదీ నమాజు చేసుకుని వచ్చి, బొమ్మను దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది బిడ్డా... సల్లగున్నట్టే కొడుతున్నది."

బొమ్మ జాగ్రత్తగా నా చేతికిచ్చి, దస్తర్‌ఖాన్ మడతపెట్టింది.

సార్ ఆ బొమ్మను క్లాసులో గోడకు పెట్టించారు. తడి భలే పట్టావన్నారు. నేను పొంగిపోయాను కూడా... సిగ్గులేనిదాన్ని. దాదీతో తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. పెద్దవాళ్ళకు అలా చెప్పే అలవాటు అప్పట్లో మా ఇళ్ళలో లేదు. ఉన్నా చెప్పేదాన్నో లేదో! తర్వాత ఎన్ని తర్బూజలు కోసి ఆమె చేతికిచ్చినా, ఆ ఒక్కటీ ఇవ్వలేదనే బాధ పోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇఫ్తార్‌కు దొరకని పండంటూ లేదు. మొన్న అజాన్ కాగానే నేను పళ్ళెంలోకి చేయి చాపాను. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని, "అమ్మీ, ఒక్క నిమిషం... ముట్టకు, ఫోటో" అంది.

చేయి వెనక్కి తీసుకున్నాను. ఉప్పు డబ్బా అందుకున్నాను. ఇన్ని పండ్లుండగా ఉప్పేంటని అది నవ్వింది. నువ్వు మంచిగా తీసుకో అన్నాను.

మీ కోసం ఇలా చేయి వెనక్కి తీసుకున్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్ళింకా ఉంటే, ముందు లేచి ఒక ముక్క కోసి పెట్టి రండి. ఇక్కడ కామెంట్లు తర్వాత రాద్దురుగాని.